హుగ్లీ నదిలో సొరచేప: సముద్రానికి అలవాటుపడ్డ శరీరం మంచినీటిలో ఎలా బతుకుతుంది?

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ డాక్ 1892లో ప్రారంభమైంది. బంగాళాఖాతంలోని శాండ్‌హెడ్స్ దగ్గర నుంచి ఇక్కడికి చేరాలంటే ఓడ 200 కిలోమీటర్లకు పైగా లోపలికి ప్రయాణించాలి. దారి పొడవునా ఇసుక మేటలు, మలుపులు, ఆటుపోట్లు. నదిని ఎరిగిన పైలట్ లేకుండా పెద్ద ఓడ ముందుకు కదలదు.

అయితే డాక్ కట్టడానికి ఎంతో ముందు నుంచే సముద్రం నుంచి ఈ నదిలోకి ఎవరి సాయమూ లేకుండా వచ్చే జీవి ఒకటి ఉంది. అదే సొరచేప. బెంగాలీలో దాన్ని హాంగర్ అంటారు. సుందర్‌బన్ వైపు నదుల్లో తిరిగే సొరను కామట్ అని పిలుస్తారు.

కలకత్తా దగ్గర హుగ్లీలో స్నానం చేసేవారిపై సొరచేపలు దాడి చేసేవని 19వ శతాబ్దంలో భారతీయ చేపలపై విస్తృతంగా రాసిన ఫ్రాన్సిస్ డే నమోదు చేశారు. ఆయన ఆ దాడులను గంగా సొరచేప ఖాతాలో వేశారు. అసలు నేరస్థుడు వేరే సొరచేప అయి ఉండొచ్చని ఇప్పటి నిపుణుల అభిప్రాయం.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. సముద్రపు ఉప్పునీటికి తగ్గట్టు తయారైన శరీరం మంచినీటిలో ఎలా నిలబడుతుంది? హుగ్లీలోకి వచ్చింది అసలు ఏ సొర? రెండు ప్రశ్నలకూ జవాబు సొరచేప శరీర నిర్మాణంలోనే దొరుకుతుంది. రెండో ప్రశ్న చరిత్రకు సంబంధించినది మాత్రమే కాదు. గంగా సొరచేపను పట్టి అమ్మితే జైలు శిక్ష పడుతుంది. కానీ దాన్ని చూసి గుర్తుపట్టగలిగినవారు చాలా తక్కువ.

ఎండు సొర ఘాటుకు కారణమేంటి?

కోస్తా ఆంధ్రలో సొర పుట్టు తెలియనివారు ఉండరు. బాలింతలకు పాల సొర పెట్టే అలవాటూ ఉంది. సొరను వండేవారికి తెలిసిన సంగతి ఒకటుంది. సొర కాస్త నిలవుంటే చాలు, ముక్కుకు సూటిగా తగిలే ఘాటు వస్తుంది. మిగతా చేపల నీచు వాసన వేరు, ఈ ఘాటు వేరు. అది అమ్మోనియా వాసన.

దానికి మూలం సొర మాంసంలో ఉండే యూరియా. మనుషుల శరీరం యూరియాను మూత్రం ద్వారా బయటకు పంపేస్తుంది. సముద్రంలో ఉండే సొరచేప మాత్రం దాన్ని రక్తంలో, కండరాల్లో దాచుకుంటుంది. చేప చనిపోయాక బ్యాక్టీరియా ఆ యూరియాను విడగొడితే అమ్మోనియా పుడుతుంది.

సొరల జాతి చేపల ఒంట్లో యూరియా అసాధారణ స్థాయిలో ఉందని 1858లోనే జర్మన్ శాస్త్రవేత్తలు స్టేడెలర్, ఫ్రెరిక్స్ గుర్తించారు. వ్యర్థ పదార్థాన్ని ఇంతగా ఎందుకు దాచుకుంటుందన్నది అర్థమవడానికి తర్వాత చాలా కాలం పట్టింది.

నీళ్లలో వేసిన ఎండు ద్రాక్ష ఉబ్బడం, ఉప్పు పట్టించిన చేప ముక్క నీరు వదలడం అందరూ చూసేవే. పలుచని పొరకు రెండు వైపులా ద్రావణాలు ఉంటే, నీరు పలుచని వైపు నుంచి చిక్కని వైపుకు వెళ్తుంది. దీన్నే పాఠ్యపుస్తకాల్లో ద్రవాభిసరణ అంటారు.

చేప మొప్పలు అలాంటి పలుచని పొరలే. మన వంజరం, కానాగడత లాంటి ఎముకల చేపల రక్తం సముద్రపు నీటికంటే బాగా పలుచన. అందుకే వాటి ఒంట్లోంచి నీరు నిరంతరం బయటకు పోతుంది. అవి సముద్రపు నీటినే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటకు తోస్తూ బతుకుతాయి.

సొరచేప వేరే దారి పట్టింది. యూరియాను పోగుచేసుకుని తన రక్తాన్ని సముద్రపు నీటితో సమానంగా, ఇంకాస్త చిక్కగానే ఉంచుకుంటుంది. దాంతో ఒంట్లోంచి నీరు పోదు. పైగా కొద్దికొద్దిగా లోపలికే వస్తుంది. నీరు తాగాల్సిన అవసరం దాదాపు ఉండదు.

అయితే యూరియా ఎక్కువైతే ప్రోటీన్ల అమరిక దెబ్బతింటుంది. దానికి విరుగుడుగా సొరచేప ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే మరో పదార్థాన్ని కూడా దాచుకుంటుంది. దాదాపు రెండు పాళ్ల యూరియాకు ఒక పాలు చొప్పున ఇది ఉంటుంది. ఒకటి చెడగొట్టేదాన్ని రెండోది సరిచేస్తుంది.

ఉప్పును తోడేసే గ్రంథి

నీటి సమస్య తీరినా ఉప్పు సమస్య మిగిలే ఉంటుంది. సొర రక్తంలో చిక్కదనానికి యూరియా కూడా ఒక ముఖ్య కారణం. ఉప్పు మాత్రం సముద్రంలో కంటే తక్కువే. కాబట్టి బయటి ఉప్పు మొప్పల గుండా, తిండితోపాటు లోపలికి చేరుతూనే ఉంటుంది.

దీన్ని బయటకు పంపడానికి సొరచేపకు ఒక ప్రత్యేకమైన అవయవం ఉంది. పేగు చివర వేలు ఆకారంలో ఉండే చిన్న గ్రంథి అది. రక్తంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు ఉప్పున్న ద్రవాన్ని తయారుచేసి పేగులోకి వదులుతుంది. ఈ గ్రంథి పనేమిటో 1960లో బర్గర్, హెస్ అనే శాస్త్రవేత్తలు స్పైనీ డాగ్‌ఫిష్ అనే చిన్న సొరపై చేసిన పరిశోధనతో తేలింది.

యూరియా, దానికి విరుగుడు, ఉప్పు తోడే గ్రంథి. ఈ ఏర్పాటంతా సముద్రం కోసమే. అందుకే సొరచేపల్లో అత్యధిక జాతులు మంచినీటి వైపు రావు.

నదిలోకి వస్తే ఏమవుతుంది?

ఖిదిర్‌పూర్ డాక్‌లో నీటి మట్టం, బయట హుగ్లీ నీటి మట్టం ఒకటి కావు. నదిలో పోటు వస్తే నీరు లేస్తుంది, ఆటుకు దిగుతుంది. డాక్ లోపల మాత్రం నీటిని నిలిపి ఉంచుతారు. ఓడ లోపలికి రావాలంటే రెండు గేట్ల మధ్య ఉండే లాక్‌లో ఆగాలి. నీటి మట్టం సమానం చేశాకే లోపలి గేటు తెరుస్తారు.

సముద్రం నుంచి నదిలోకి వచ్చే సొరచేప శరీరం కూడా రెండు వేర్వేరు నీళ్ల మధ్య తేడాను సర్దుకోవాలి. కాకపోతే దానికి ఆగడానికి లాక్ లేదు. ఈదుతూనే సర్దుకోవాలి.

సముద్రంలో ఉన్నంత యూరియాతోనే సొర మంచినీటిలోకి వస్తే, ఎండు ద్రాక్షలోకి చేరినట్టు నీరు మొప్పల గుండా లోపలికి వచ్చేస్తుంది. ఒంట్లోని ఉప్పు బయటకు పోతుంది. చాలా జాతుల సొరలు దీన్ని తట్టుకోలేవు.

తట్టుకునే జాతుల్లో అందరికీ తెలిసినది బుల్ షార్క్. నదిలోకి వచ్చినప్పుడు దాని ఒంట్లో మూడు మార్పులు జరుగుతాయి.

మొదటిది, యూరియా తగ్గుతుంది. సముద్రంలో ఉన్నప్పటితో పోలిస్తే రక్తంలో యూరియా సుమారు సగానికి పడిపోతుంది. రక్తం మొత్తం చిక్కదనం మూడింట రెండు వంతుల దగ్గరికి దిగుతుంది.

రెండోది, మూత్రపిండాల పని తలకిందులవుతుంది. సముద్రంలో కొద్దిగా మూత్రం తయారుచేసే అవయవాలు, నదిలో పలుచని మూత్రాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా తయారుచేస్తాయి. లోపలికి చొరబడిన నీటిని తోడేయడానికి ఇదే మార్గం. ఆ మూత్రంతోపాటు ఉప్పు పోకుండా వీలైనంత వెనక్కి పీల్చుకుంటాయి.

మూడోది, పేగు చివరి గ్రంథి పని బాగా తగ్గుతుంది. మొప్పలు నదీజలంలో ఉన్న కాస్త ఉప్పునూ లోపలికి లాగడం మొదలుపెడతాయి.

అయినా బుల్ షార్క్ పూర్తిగా మంచినీటి చేపగా మారిపోదు. యూరియా సగానికి తగ్గినా దాని రక్తం మన బొచ్చె, రాగండి లాంటి చేపల రక్తం కంటే రెట్టింపు చిక్కగా ఉంటుంది. అంటే నదిలో ఉన్నంతకాలం లోపలికి వస్తున్న నీటితో పోరాడుతూనే ఉండాలి. దానికి శక్తి ఖర్చవుతుంది.

పూర్తిగా మారిన బంధువులూ ఉన్నాయి. అవి దక్షిణ అమెరికా నదుల్లోని టేకు చేపలు. తరతరాలుగా మంచినీటిలోనే ఉన్న ఆ చేపలు యూరియాను దాచుకునే శక్తినే కోల్పోయాయి. తిరిగి ఉప్పునీటిలో పెట్టినా దాన్ని పోగుచేయలేవు. బుల్ షార్క్ మాత్రం ఆ దారి మూసేసుకోలేదు. ఎప్పుడైనా సముద్రానికి తిరిగి వెళ్లగలదు.

నదిలో బరువు పెరుగుతుంది

మంచినీటిలో సొరచేపకు మరో ఇబ్బంది ఉంది. అది బరువు.

ఎముకల చేపల్లో చాలావాటికి పొట్టలో గాలితిత్తి ఉంటుంది. అందులో గాలిని సర్దుకుంటూ నీటిలో తేలుతాయి. సొరచేపకు గాలితిత్తి లేదు. దాని బదులు రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి, అస్థిపంజరం ఎముకతో కాకుండా తేలికైన మృదులాస్థితో తయారవడం. మన చెవి డిప్పలో ఉండేది కూడా మృదులాస్థే. సొర దవడల్లాంటి చోట్ల దానిపై కాల్షియం పలకలు ఏర్పడి గట్టిపడుతుంది. రెండోది, నూనెతో నిండిన పెద్ద కాలేయం. నూనె నీటికంటే తేలిక కాబట్టి శరీరాన్ని పైకి లేపుతుంది.

ఈ లెక్క సముద్రంలో సరిపోతుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం సాంద్రమైనది. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ బుల్ షార్క్, రంపపు చేపలపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. మంచినీటిలో వాటిని కిందికి లాగే బరువు సముద్రంలో కంటే రెండు నుంచి మూడు రెట్లు ఉంటుందని అది తేల్చింది. మునిగిపోకుండా ఉండాలంటే ఛాతీ రెక్కలతో మరింత ఎత్తుబలం పుట్టించాలి, అంటే ఇంకా గట్టిగా ఈదాలి.

ఇంత ఖర్చు పెట్టుకుని నదిలోకి రావడం దేనికి? బుల్ షార్క్ విషయంలో ప్రధాన కారణం పిల్లలు. తల్లి సొర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. నదీ ముఖద్వారాల దగ్గర కంటుంది. పిల్లలు నదిలోకి చేరి కొన్నేళ్లు అక్కడే పెరుగుతాయి. చిన్న సొరలను తినే పెద్ద సొరలు మంచినీటిలోకి ఎక్కువగా రావు. ఆ భద్రత కోసం శరీరం ఇంత మూల్యం చెల్లిస్తుంది.

బురద నీటిలో వేట ఎలా?

హుగ్లీ నీరు ఏడాదిలో చాలా భాగం ఒండ్రుతో మసకగా ఉంటుంది. అక్కడ కంటి చూపుతో వేటాడటం కష్టం. సొరచేపకు ఇతర జ్ఞానేంద్రియాలు తోడుంటాయి.

దాని ముట్టె మీద చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. ఒక్కో రంధ్రం వెనుక జిగురు పదార్థంతో నిండిన సన్నని గొట్టం ఉంటుంది. ఇటలీకి చెందిన స్టెఫానో లోరెంజినీ వీటిని 1678లో వర్ణించారు. అందుకే వీటికి ఆయన పేరే స్థిరపడింది. ఇవి దేనికో అప్పట్లో తెలియలేదు. ప్రతి జీవి కండరాలు, మొప్పలు అతి స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తాయి. దాన్ని ఈ గొట్టాలు పసిగడతాయి. ఇసుకలో పూడుకుని కనిపించని చేపను కూడా సొర ఈ విద్యుత్తు ఆధారంగానే పట్టుకుంటుందని 1971లో ఏడ్రియానస్ కాల్మీన్ ప్రయోగాలతో చూపించారు.

ఒంటికి రెండు వైపులా సాగే పార్శ్వరేఖ నీటిలో కదలికలను గుర్తిస్తుంది. వాసన పసిగట్టే శక్తి ఎలాగూ ఉంది. ఇవన్నీ ఉంటే కళ్లపై ఆధారపడే అవసరం తగ్గుతుంది. గంగా సొరచేపలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. దాని కళ్లు శరీరం పరిమాణంతో పోలిస్తే చాలా చిన్నవి.

గంగా సొరచేప ఎక్కడ?

జర్మన్ శాస్త్రవేత్తలు యోహానెస్ ముల్లర్, యాకోబ్ హెన్లే 1839లో ఈ చేపను వర్ణించి, గంగానది పేరు పెట్టారు. వారికి దొరికిన నమూనా హుగ్లీ నదిలో, సముద్రానికి చాలా ఎగువన పట్టుకున్నది. చాలాకాలం పాటు ఈ జాతి గురించి నమ్మకంగా చెప్పగలిగిన ఆధారాలు 19వ శతాబ్దపు మూడు మ్యూజియం నమూనాలే.

మరి కలకత్తా ఘాట్ల దగ్గర మనుషుల్ని కరిచిందెవరు? గంగా సొర కింది దవడ ముందు పళ్లు సన్నగా, ఈటె మొనలా ఉంటాయి. చేపల్ని గుచ్చి పట్టడానికి అవి అనువైనవి. బుల్ షార్క్ పైపళ్లు వెడల్పుగా, రంపపు అంచుతో ఉంటాయి. పెద్ద జంతువుల మాంసాన్ని కోయగలవు. అది కూడా హుగ్లీలోకి వచ్చేదే. అందుకే ఆ దాడుల్లో చాలావాటికి బుల్ షార్కే కారణమై ఉంటుందని నిపుణులు భావిస్తున్నారు. నదిలో సొర కనిపిస్తే అది గంగా సొరే అనుకోవడంతో చెడ్డపేరు దానికి వచ్చింది.

ఇలాంటి పొరపాటే మధ్య అమెరికాలోనూ జరిగింది. నికరాగువా సరస్సులో కనిపించే సొరను 1877లో ప్రత్యేక జాతిగా ప్రకటించారు. అది సరస్సులో చిక్కుకుపోయిందని నమ్మేవారు. అది బుల్ షార్కేనని 1961లో తేలింది. తర్వాత థామస్ థోర్సన్ సొరలకు ట్యాగులు కట్టి వదిలారు. అవి శాన్ హువాన్ నది మీదుగా సరస్సుకూ సముద్రానికీ మధ్య తిరుగుతున్నాయని నిరూపించారు.

గంగా సొరచేప కథలో మలుపు హుగ్లీలో కాకుండా ముంబయిలో వచ్చింది. 2016 ఫిబ్రవరిలో ససూన్ డాక్‌కు వచ్చిన చేపల్లో 266 సెంటీమీటర్ల ఆడ సొర ఒకటి పరిశోధకుల కంటబడింది. అది గంగా సొరచేపేనని 2018లో ప్రచురించిన పత్రంలో వెల్లడించారు. మయన్మార్, బోర్నియోల్లో దొరికిన, వేరే జాతులనుకున్న నదీ సొరలు కూడా గంగా సొరలేనని అంతకుముందు 2015లో డీఎన్‌ఏ అధ్యయనం తేల్చింది. అంటే ఇది గంగకు మాత్రమే పరిమితమైన చేప కాదు. సముద్రంలోనూ తిరుగుతుంది. అయినా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లోనే ఉంచింది.

రెండింటినీ ఎలా గుర్తుపట్టాలి?

రెండూ బూడిద రంగే. రెండూ బలిష్ఠంగా, మొద్దు ముట్టెతో ఉంటాయి. ఒంటి మీద మచ్చలు, చారలు ఉండవు. రేవులో కుప్పగా పోసిన చేపల మధ్య తేడా కనిపెట్టడం తేలిక కాదు. కానీ నాలుగు చోట్ల చూస్తే తెలుస్తుంది.

వీపు మీది రెండో రెక్క: గంగా సొరలో ఇది పెద్దది. మొదటి రెక్క ఎత్తులో దాదాపు సగం ఉంటుంది. బుల్ షార్క్‌లో మూడో వంతుకు కాస్త అటూఇటూగానే ఉంటుంది.

కన్ను: గంగా సొరలో మరీ చిన్నది.

కింది దవడ పళ్లు: గంగా సొరలో ముందు పళ్ల మొన ఈటెలా ఉంటుంది. బుల్ షార్క్‌లో పంటి అంచు పొడవునా సన్నని రంపం ఉంటుంది.

తోక మొదట్లో పైభాగాన ఉండే గుంట: గంగా సొరలో నిలువుగా, ఒంటి పొడవు దిశలో ఉంటుంది. బుల్ షార్క్‌లో నెలవంకలా అడ్డంగా ఉంటుంది.

చట్టం ఉంది, గుర్తింపే లేదు

వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో గంగా సొరచేప 2001 నుంచి ఉంది. పులికి, ఏనుగుకు ఉన్న రక్షణే దీనికీ వర్తిస్తుంది. పట్టడం, అమ్మడం నేరం. మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. సొర రెక్కల ఎగుమతిని భారత్ 2015లో నిషేధించింది. బుల్ షార్క్, గంగా సొర ఉన్న కుటుంబం మొత్తాన్నీ 2022లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం పరిధిలోకి తెచ్చారు.

కానీ మత్స్యకారులు వల వేసేటప్పుడు సొరను ఎంచుకోరు. ఇతర చేపల కోసం వేసిన వలలో అది పడుతుంది. ఒడ్డుకు చేరేసరికి చాలాసార్లు చనిపోయే ఉంటుంది. అది ఏ జాతో తెలియకుండానే ముక్కలై అమ్ముడుపోతుంది. రెక్కలు, తల తీసేశాక గుర్తుపట్టే అవకాశం కూడా పోతుంది.

నదిలోనూ పరిస్థితి మారింది. కలకత్తా రేవులో పూడికను తగ్గించేందుకు గంగ నీటిని హుగ్లీకి మళ్లించే ఫరక్కా బ్యారేజీ 1975లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని తర్వాత ఎగువకు పులస వలసలు దెబ్బతిన్నాయి. బెంగాలీలు హిల్సా అనే చేప అదే. నదిలో నీటి పరిమాణాన్ని, ఉప్పదనాన్ని, దారులను మార్చే నిర్మాణాలను నదీ సొరలకున్న ముప్పుల్లో నిపుణులు లెక్కిస్తున్నారు. ఒంట్లోని నీరు, ఉప్పు లెక్క మీద బతికే జీవికి బయటి నీటి లెక్క మారడం చిన్న విషయం కాదు.

సొర నిదానంగా పెరుగుతుంది. కొద్ది పిల్లల్నే కంటుంది. లక్షల గుడ్లు పెట్టే చేపల్లా పోయిన సంఖ్యను త్వరగా భర్తీ చేసుకోలేదు.

ఇది బెంగాల్‌కే చెందిన సమస్య కూడా కాదు. గంగా సొర ముంబయి రేవులోనే కనిపించిందంటే, తూర్పు తీరంలోని కాకినాడ, విశాఖపట్నం రేవులను పరిధిలో లేవని కొట్టిపారేయలేం. గోదావరి సముద్రంలో కలిసే కోరింగ ప్రాంతంలోనూ హుగ్లీ ముఖద్వారం లాగే మడ అడవులు, బురద నీరు, ఉప్పూ మంచినీరూ కలిసే పాయలు ఉన్నాయి. రేవులో వలలోంచి తీసిన సొరకు వీపు మీది రెండో రెక్క మామూలు కంటే పెద్దగా, కన్ను మరీ చిన్నగా కనిపిస్తే, తల, రెక్కలు కోయకముందే పక్క నుంచి ఒక ఫొటో, దవడలు తెరిచి మరో ఫొటో తీసి మత్స్యశాఖకు గానీ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు గానీ పంపాలి. ముంబయిలో ఆ రోజు పరిశోధకులు రేవులో ఉండబట్టే ఆ సొర లెక్కలోకి వచ్చింది.